తరుగు

రెండు కంపెనీల పేర్లల్లోనూ కేర్ ఉన్నది.
హనుమకొండ కోర్టుల ఒకటి వాది, ఒకటి ప్రతివాది.
నేను మూడో సాక్షిని.

దేవుని మీద ప్రమాణం చేసిన.
ఏం పని చేస్తవని అడిగిండు వకీలు సారు.
రక్తం కడుగుత అన్న.
జడ్జమ్మ తలెత్తి చూసింది.
టైపు కొట్టే పిల్ల మాత్రం
డయాలసిస్ టెక్నీషియన్ అని కొట్టుకున్నది.

కథ పెద్దగేం లేదు.
బిల్డింగు, కరెంటు, నీళ్లు ఒకరియి.
మిషన్లు, సూదులు, మేము ఇంకొకరియి.
యాభై రెండు పేజీల అగ్రిమెంటు,
పేజీ పేజీకి కింద రెండు సంతకాలు,
నీలం రంగు గుండ్రటి ముద్రలు.
పదకొండో క్లాజుల రాసి ఉన్నది
శుద్ధి చేసిన నీళ్లు తగినంత ఇయ్యాలని.
ఆ "తగినంత" కాడనే కొట్లాట.

తగినంతంటే ఎంత?
మనిషికి ఒక పూటకు నూట ఇరవై లీటర్లు.
నా రిజిస్టర్ల ఉన్నది.
ఎర్రట్ట రిజిస్టరు, మీద నా చాయ్ మరక.
కోర్టుల దానికి కొత్త పేరు పెట్టిండ్రు:
ఎగ్జిబిట్ ఏ-ఏడు.
ఆ మరకకు కూడా నంబరేసినట్టే అనిపించింది నాకు.

ఫిబ్రవరిల నీళ్ల ప్లాంటు పొర చెడిపోయింది.
మార్చుమని వీళ్లు రాసిండ్రు.
ముందు పాత బాకీ కట్టుమని వాళ్లు రాసిండ్రు.
ముప్పై దినాల నోటీసు అన్నరు.
ముప్పై దినాలంటే కాగితం మీద ఒక్క ముక్క,
మా వార్డుల మనిషికి పదమూడు సార్లు.

ఆకారపు రాజలింగం
ఎనుమాముల మార్కెట్ల హమాలీ.
మిర్చి బస్తా మీద చెయ్యేస్తే చాలు
కిలోలతో సహా చెప్తడు.
ఒంట్ల చేరిన నీళ్ల తూకమే ఆయనకు అందదు.
కాంటా ఎక్కి నన్నడిగేటోడు,
ఇయ్యాల ఎంత తరుగు తీస్తవ్ బిడ్డా?
రెండున్నర అంటే నవ్వేటోడు.
సేటు కంటే నయమే నువ్వు.

ఆ మంగళారం పొద్దుగాల
వార్డుకు తాళం. తాళం పక్కన కాగితం.
ఆయన మెట్ల మీద కూసున్నడు,
వాచిన కాళ్లకు ఎక్కని చెప్పులు చేతిల పట్టుకొని.
చదువు బిడ్డా అన్నడు.
చదివిన:
ఉభయ పక్షాల నడుమ వివాదం తేలే వరకు
ఇక్కడ సేవలు నిలిపివేయడమైనది.

కొంచెం సేపు ఊకున్నడు.
ఉభయ పక్షాలంటే, అన్నడు,
ఒకటి నేను.
ఇంకోటి ఎవ్వరు?

తాళం ఎన్నింటికి చూసినవని అడిగిండు అవతలి వకీలు.
నర్సంపేట మొదటి బస్సు దిగినంక అన్న.
బస్సుల సంగతి వద్దు, టైము చెప్పు.
ఆరూ నలభై.
రాత్రి రెండు దాకా పెద్దాస్పత్రి వరండాల
ఆయన పక్కన కూసున్న ముచ్చట చెప్పబోయిన.
కేసుకు సంబంధం లేదన్నడు.
ఆ ఒక్కదాని మీద
వకీళ్లిద్దరికీ కొట్లాట లేకుండె.

కోటీ నాలుగు లక్షలు అడుగుతున్నరు నష్టపరిహారం,
మీద వడ్డీ.
నష్టం లెక్క నాలుగు కాగితాలు.
జనరేటరు అద్దె ఉన్నది, ఏసీలు ఉన్నయి,
మా జీతాలు గూడ ఉన్నయి, మాకు రానియి.
వేలుతోని వరుస వరుస వెతికిన.
రాజలింగం ఏ వరుసల లేడు.

చదివి వినిపించిండ్రు, నిజమేనని సంతకం పెట్టిన.
బయట చెట్టు కింద
నల్లకోట్లిద్దరూ ఒక్క బండి కాడ చాయ్ తాగుతున్నరు,
ఒకరి దాంట్ల చక్కెర ఎక్కువైందని నవ్వుకుంట.
కోపం రాలే. నాకూ చాయ్ కావాలనిపించింది.

వాయిదా మళ్ల మంగళారమే పడ్డది.
ఆ దినం నేను రాలేనన్న బంట్రోతుతోని.
కొత్త దవాఖానల పొద్దుటి షిఫ్టు నాది,
ఏడింటికి ఆయనొస్తడు.
మంచం పక్కన కాంటా పెట్టాలె,
ముందుగాల సున్నా మీదికి తేవాలె ముల్లును.